వజ్రం పెంచే యంత్రాన్ని చూసుకునే మనిషి కూడా కావాలి

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది పల్నాడు. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఇప్పుడు పులిచింతల రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. మా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఏమ్మా, నీ వజ్రం ఎంత పెరిగింది?" అని అడుగుతారు. ఏడు నెలలుగా ఏం చెప్పాలో తెలియడం లేదు.

మేం వజ్రాన్ని నిజంగానే పెంచుతాం. చిన్న వజ్రపు పలుకును విత్తనంగా పెట్టి, హైడ్రోజన్, మీథేన్ వాయువులు పంపి మైక్రోవేవ్ ఇస్తే, క్వార్ట్జ్ కిటికీ వెనక ఊదారంగు బంతిలా ప్లాస్మా (విద్యుదావేశం పొందిన వేడి వాయువు) వెలుగుతుంది. దాని కింద కార్బన్ పేరుకుంటుంది, గంటకు కొన్ని మైక్రాన్లు మాత్రమే. వెంట్రుక మందం పెరగడానికే ఎన్నో గంటలు కావాలి. మధ్యలో కరెంటు ఒక్క క్షణం పోయినా ప్లాస్మా ఆరిపోతుంది.

మా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఒక పెద్దాయన ఉండేవారు. చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగువారు. యంత్రంలోంచి గాలిని లాగేసే వాక్యూమ్ పంపు మీద చెయ్యి ఆనించి "చప్పుడు మారిందమ్మా, ఆయిల్ మార్చాలి" అనేవారు. ఆయన కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ ఎవరినీ తీసుకోలేదు. రెండు నెలలకు కూలింగ్ నీళ్ల ఫిల్టర్ పూడుకుపోయింది. మేమెవరం గమనించలేదు. కిటికీ వేడెక్కి పగిలింది. కొత్తది విదేశం నుంచి రావాలి. మరమ్మతుల పద్దులో డబ్బు లేదు. అంత ఖరీదైన యంత్రం ప్లాస్టిక్ కవరు కింద ఉంది.

ఇది నా థీసిస్ గొడవ మాత్రమే కాదండీ. ఎండను కరెంటుగా మార్చే పని ఇవాళ ఎక్కువగా సిలికాన్‌దే. ఆ సిలికాన్ దిమ్మను పల్చటి బిళ్లలుగా కోసేది వజ్రపు పొడి అంటించిన తీగే. సిలికాన్ సెన్సర్ తట్టుకోలేని వేడిలో, రేడియేషన్‌లో వజ్రపు సెన్సర్ నిలబడుతుంది. యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో, కణాలను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద యంత్రంలో కణాల కిరణాలను కనిపెట్టుకుని ఉండే పనికి వజ్రాన్ని వాడుతున్నారు. రాగి కంటే దాదాపు అయిదు రెట్లు బాగా వేడిని లాగేస్తుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2023 బడ్జెట్‌లో ల్యాబ్ వజ్రాల పరిశోధనకు ఒక ఐఐటీకి అయిదేళ్ల గ్రాంటు ప్రకటించారు. అది ఇక్కడి, చెన్నైలోని ఐఐటీ మద్రాసుకే వచ్చింది. నేను చదివేది వేరే చోటైనా, ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది. కానీ ఏనుగును కొన్నాక అంకుశానికి వెనకాడకూడదు కదా.

నా విన్నపం ఒక్కటే. పెద్ద యంత్రం మంజూరు చేసే ప్రతి ఉత్తర్వులోనే దాని అయిదేళ్ల మరమ్మతుల డబ్బు, ఒక టెక్నీషియన్ జీతం కలిపి రాయండి. ఆ డబ్బును ఇంకో పద్దుకు మళ్లించే వీలు లేకుండా చూడండి. టెక్నీషియన్‌ను ఏడాది కాంట్రాక్టు మీద కాకుండా, యంత్రం ఉన్నంత కాలం ఉంచండి. పంపు చప్పుడు మనిషి చెవికి అలవాటు కావడానికే ఏళ్లు పడుతుంది.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
చెన్నై