సగం ఖాళీ డ్రమ్ములకు నిండు కిరాయి

సంపాదకులకు,

అయ్యా,

ఒడిశాలోని బరంపురంలో బడాబజారుకు దగ్గరలో మాది పన్నెండు బల్లల టిఫిను హోటలు. నాలుగేళ్ల క్రితం ఒక ప్రైవేటు కాంట్రాక్టరుతో చెత్త ఎత్తే ఒప్పందం చేసుకున్నాను. 240 లీటర్ల చక్రాల డ్రమ్ములు మూడు, రోజూ బండి. ఎన్ని కావాలని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. హోటలంటే మూడు, బట్టల కొట్టంటే రెండు, అంతే ఆయన లెక్క. మినప్పప్పు దగ్గర గిద్దెడు తేడా వస్తే వంట మాస్టారిని నిలదీసే నేను, చెత్త దగ్గర మాత్రం కళ్లు మూసుకుని సంతకం పెట్టాను.

పోయిన వేసవిలో మా అబ్బాయి ఖాతాలు చూస్తూ, గ్యాసు తరువాత బాగా పెరిగిన ఖర్చు ఇదేనన్నాడు. ఆ రోజు నుంచి మూడు వారాలు, రాత్రి హోటలు కట్టేసే వేళ డ్రమ్ముల్లో కర్ర పెట్టి లోతు చూశాను. తడి చెత్తను సరుకుల త్రాసు మీద తూచి పుస్తకంలో రాశాను. మాస్టారు చాటుగా నవ్వుకున్నారు. తేలిందేమిటంటే తడి చెత్త రోజుకు 35 నుంచి 40 కిలోలు. దానికి సగం డ్రమ్ము చాలు. రెండో డ్రమ్ము నిండా విప్పకుండా పడేసిన అట్టపెట్టెలు, అంటే ముప్పాతిక వంతు గాలి. మూడో డ్రమ్ములో చాలా రోజులు అడుగు కనిపిస్తూనే ఉంది.

అట్టపెట్టెలు విప్పి కట్ట కడితే పాత సామాన్ల వ్యాపారి ఎదురు డబ్బిచ్చి తీసుకుపోతున్నాడు. నూనె డబ్బాలూ అంతే. మిగిలిన దానికి నాకు కావలసింది తడి చెత్తకు 120 లీటర్ల డ్రమ్ము ఒకటి, రోజూ. పొడి చెత్తకు 240 లీటర్లది ఒకటి, వారానికి రెండుసార్లు. వారానికి 9 డ్రమ్ములు ఎత్తితే సరిపోయే చోట 21 డ్రమ్ములకు కడుతూ వచ్చాను.

ఖర్చు తగ్గుతుంది కదా అని తడి చెత్తకు రోజు విడిచి రోజు బండి చాలంటే మాత్రం కుదరదు. గోపాలపురం సముద్రం వైపు నుంచి వచ్చే మే నెల ఉక్కలో మిగిలిన సాంబారు, ఇడ్లీ పిండి తెల్లారేసరికి ఏమవుతాయో హోటలు వాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్ద డ్రమ్ము నిండా తడి చెత్త ఉంటే అది డెబ్బై, ఎనభై కిలోలకు తక్కువ ఉండదు. దాన్ని బండిలోకి ఎత్తేది మనుషులే. తడికి డ్రమ్ము చిన్నదిగా ఉండాలి, బండి రోజూ రావాలి.

ఇదంతా చెబితే కాంట్రాక్టరు మనిషి, హోటళ్లన్నీ భారీగా చెత్త చేసే సంస్థల కిందికే వస్తాయని దబాయించాడు. అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆ మాట అన్నది, అన్ని రకాల చెత్తా కలిపి రోజుకు సగటున 100 కిలోలు దాటే వాళ్ల గురించి. మాది అందులో సగం. ఇక ఒప్పందం చివరి పేజీలో, గడువుకు రెండు నెలల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే మరో ఏడాది అదే కొనసాగుతుందని ఉంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. మా వీధిలో పెద్దవాళ్లు తెలుగు చదువుతారు, ఒడియా మాట్లాడతారు. ఇంగ్లీషు కాగితం ఎదురైతే సంతకం పెట్టి ఇచ్చేస్తారు.

ఇది నా ఒక్కడి గొడవే అయితే మీ పత్రికలో చోటు అడిగేవాణ్ణి కాదు. స్వచ్ఛ సాథీలుగా పనిచేసే మహిళలు ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరు చేయమని చెబుతున్నారు. అలా వేరు చేసిన తడి చెత్తే ఎరువై ‘మో ఖతా’ పేరుతో అమ్ముడవుతోంది. వేరు చేసినా చేయకపోయినా, తగ్గించినా పెంచినా అదే రుసుమైతే కొట్టువాడు ఎందుకు వేరు చేస్తాడు? డబ్బు కట్టిన డ్రమ్ము ఎలాగూ ఉంది కదా అని అన్నీ అందులోనే పడేస్తాడు.

ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు దాటితే ఆంధ్రలో 2024లో చెత్త పన్నే ఎత్తేశారని మా వాళ్లు కొందరు ఇక్కడా అదే అడుగుతున్నారు. నాకది సరి అనిపించదు; ఎత్తేవాళ్లకు కూలి ఇవ్వాలి. నేనడిగేది ఎత్తినదానికి లెక్క. కాంట్రాక్టర్లకు అనుమతి ఇచ్చేటప్పుడు నగరపాలక సంస్థ ఒక్క షరతు పెడితే చాలు: డ్రమ్ము పరిమాణాన్ని బట్టి, వారానికి ఎన్నిసార్లు ఎత్తుతారో దాన్ని బట్టి ధరల పట్టిక, ఒడియాలోనూ తెలుగులోనూ. పక్కపక్కనున్న కిళ్లీ కొట్టు, టీ కొట్టు, దర్జీ కొట్టు ముగ్గురూ కలిసి ఒక డ్రమ్ము తీసుకునే వీలు కూడా అందులో ఉండాలి.

రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణీ అమ్మవారు జాతరకు దేశిబెహరా వీధికి వచ్చినప్పుడు ఆ నెల రోజులు చెత్త రెట్టింపవుతుంది, కాదనను. అప్పుడు అదనపు బండి పిలిపించుకుని అదనంగా కడతాం. ఆ నెల కోసం ఏడాదంతా మూడు డ్రమ్ములు ఉంచుకోమనడం, పెళ్లికి వచ్చే చుట్టాల కోసం ఏడాదంతా పది గదులు అద్దెకు పెట్టుకోమన్నట్టు ఉంది.

ఈసారి గడువుకు మూడు నెలల ముందే కాగితం రాసిచ్చి రసీదు తీసుకున్నాను. జవాబు ఇంకా రాలేదు. మూడు వారాల తూకాల పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉంది. నగరపాలక సంస్థ అధికారులు ఎవరైనా వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
ఒక టిఫిను హోటలు యజమాని,
బరంపురం, గంజాం జిల్లా