స్కాట్లాండ్ వంశవృక్షానికి లెక్క వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

బ్రిటన్‌లో పూర్వీకుల జాడ వెతకడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇంగ్లండ్ పద్ధతినే స్కాట్లాండ్‌కూ అంటగట్టింది. జనన మరణాల ప్రభుత్వ నమోదు 1837లో మొదలైందన్నది ఇంగ్లండ్, వేల్స్‌ల సంగతి. స్కాట్లాండ్‌లో మొదలైంది 1855 జనవరి 1న. చట్టం వేరు, రిజిస్టర్లు వేరు, అవి భద్రపరిచిన చోటూ వేరు. స్కాట్లాండ్‌లో పుట్టిన మనిషిని ఇంగ్లండ్ సూచికల్లో, అంటే పేర్ల జాబితాల్లో వెతికితే దొరకడు. అదే పేరున్న ఇంకొకడు దొరికితే మరీ ప్రమాదం. ఇక “పేరు కొడితే ఎవరో కట్టిన వంశవృక్షం కనిపిస్తుంది, మీదానికి కలుపుకుంటే సరి” అన్న సలహా చాలా చేటు చేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

స్కాట్లాండ్ రికార్డుల బలమంతా మరణ నమోదులో ఉంది. చనిపోయిన వ్యక్తి తండ్రి పేరు, ఆయన వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, వాళ్లు అప్పటికి బతికున్నారా లేదా అన్నదీ అందులో రాస్తారు. అదే కాలపు ఇంగ్లండ్ మరణ పత్రాల్లో పెద్దవాళ్లకు ఇవేవీ ఉండవు. కాబట్టి 1780లో పుట్టి 1862లో పోయిన మనిషి నమోదు చేతికొస్తే 18వ శతాబ్దపు దంపతుల పేర్లు ఒక్క పుటలో తెలుస్తాయి. పెళ్లయిన స్త్రీ మరణాన్ని పుట్టింటి ఇంటిపేరుతోనూ, అత్తింటి ఇంటిపేరుతోనూ సూచికలో ఎక్కిస్తారు. రెండింటితోనూ వెతకాలి. రెండింటికీ ఒకే రిఫరెన్సు నంబరు వస్తే మనిషి దాదాపు ఖాయమైనట్టే.

అయితే ఆ గడులు నింపింది చనిపోయిన వ్యక్తి కాదు. నమోదు చేయించినవారి సంతకం ఎవరిదో ముందు చూడాలి. కొడుకైతే నాయనమ్మ పుట్టింటి పేరు తెలిసి ఉండవచ్చు. అల్లుడో, పక్కింటివాడో, ఇల్లు అద్దెకిచ్చినవాడో అయితే తల్లి పేరు తప్పడం మామూలే. సొంత పెళ్లి నమోదులో ఆ వ్యక్తి తానే చెప్పుకున్న తల్లిదండ్రుల పేర్లను దీని పక్కన పెట్టి పోల్చాలి. తేడా వస్తే పెళ్లి నమోదుకే ఎక్కువ విలువ.

1855 సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటి ఏడాది పత్రంలో గడులు చాలా పెట్టారు. బిడ్డ పుట్టుక నమోదులో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, పెళ్లి తేదీ, పెళ్లయిన ఊరు, అంతకుముందు పుట్టినవాళ్లలో ఎందరున్నారు, ఎందరు పోయారు అన్నదీ ఉంటుంది. మరణ నమోదులో పుట్టిన ఊరు, పిల్లల పేర్లు కూడా ఉంటాయి. ఇంత రాయడం రిజిస్ట్రార్లకు భారమై మరుసటి ఏడాదే చాలా గడులు ఎత్తేశారు. తల్లిదండ్రుల పెళ్లి వివరం జనన నమోదులోకి మళ్లీ 1861లో వచ్చింది. 1856 నుంచి 1860 దాకా మరణ నమోదులో భార్య లేదా భర్త పేరు ఉండదు. ఆ ఐదేళ్లలో పోయిన జాన్ స్మిత్ మీరు వెతికే జాన్ స్మితేనా అని తేల్చడం అందుకే కష్టమవుతుంది. మీ మనిషికి 1855లో ఏమీ జరగకపోయినా తోబుట్టువుల్లో ఎవరైనా ఆ ఏడాది పుట్టారేమో, పోయారేమో తప్పకుండా చూడండి. తల్లిదండ్రులు ఒక్కరే కదా, వాళ్ల వివరం అక్కడ దొరుకుతుంది.

నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ నడిపే స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో సూచిక వెతకడానికి డబ్బు అక్కర్లేదు. అసలు పుట చూడాలంటే క్రెడిట్లు కొనాలి. ఒకసారి కొన్న పుట మన ఖాతాలోనే ఉండిపోతుంది. ఇంట్లో కూర్చుని చూడగలిగేది 100 ఏళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాలు. అంతకంటే కొత్తవాటికి ఎడిన్‌బరోలోని కేంద్రానికి వెళ్లి చూడాలి, లేదా సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. మెక్, మాక్ ఇంటిపేర్లను రాసినవాళ్లు తోచినట్టు రాశారు కాబట్టి అనుమానమున్న అక్షరాల చోట నక్షత్రపు గుర్తు పెట్టి వెతకాలి. జానెట్ అనే ఆమె ఇంకో చోట జెస్సీగా, జీన్ అనే ఆమె జేన్‌గా కనిపించడం వింతేమీ కాదు.

జనాభా లెక్కల్లో 1841 నుంచి 1921 దాకా పదేళ్లకొకటి చూడొచ్చు. 1841లో 15 ఏళ్లు దాటినవారి వయసును ఐదు గుణిజాలకు తగ్గించి రాశారు. 39 ఏళ్ల మనిషి 35గా కనిపిస్తాడు. పుట్టిన పారిష్, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం, తెలిసేది 1851 నుంచే. 1931 లెక్కలు కాలిపోయాయని మీ వ్యాసంలో ఉంది. 1942లో కాలిపోయినవి ఇంగ్లండ్, వేల్స్‌లవి. స్కాట్లాండ్‌వి ఉన్నాయి, నూరేళ్ల గడువు తీరాక తెరుస్తారు.

1855కు వెనక అంతా స్కాట్లాండ్ చర్చి పాత పారిష్ రిజిస్టర్ల మీద ఆధారపడాలి. వీటిలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నాటిది. అన్ని పారిష్‌లకూ ఆ అదృష్టం లేదు. హైలాండ్స్‌లోనూ పడమటి దీవుల్లోనూ చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. ఖననాల నమోదు ఎక్కడా సరిగా లేదు. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను వేశారు. అది కట్టలేక, కట్టడం ఇష్టంలేక ఎందరో నమోదే చేయించలేదు. 1733 తర్వాత చీలిన చర్చిలవాళ్లు, 1843లో విడిపోయిన ఫ్రీ చర్చివాళ్లు చాలామంది ఈ పుస్తకాలకెక్కలేదు. పెళ్లి అని కనిపించే తేదీ చాలాచోట్ల పెళ్లికి ముందు చర్చిలో చదివే ప్రకటన తేదీయే. వధూవరుల పారిష్‌లు వేరైతే రెండు చోట్లా నమోదు ఉంటుంది, తేదీలు కలవవు. రెండు పెళ్లిళ్లని పొరబడకూడదు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కారణం పేర్లు పెట్టే ఆనవాయితీ. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండో అమ్మాయికి నాయనమ్మ పేరు, మూడో అమ్మాయికి తల్లి పేరు. అందరూ తు.చ. తప్పక పాటించలేదు గానీ పాటించినవాళ్లే ఎక్కువ. తాత పేరు అలెగ్జాండర్ అనుకోండి. ముగ్గురు అన్నదమ్ములు ఒకే పారిష్‌లో కాపురముంటే నాలుగైదేళ్ల తేడాలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు అలెగ్జాండర్లు పుడతారు. వారిలో ఒకడు పసితనంలోనే పోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెడతారు. పోయినవాడి ఖననం పుస్తకంలో లేకపోవడంతో సూచికలో బతికున్నట్టే కనిపిస్తాడు. పంచుకున్న వంశవృక్షాల్లో చాలామంది మొదట కనిపించిన అలెగ్జాండర్‌ను పట్టుకుని ఆగిపోతారు. దాన్ని పదిమంది చూసి ఎక్కించుకుంటారు. ఆ పదింటినీ పది సాక్ష్యాలనుకుని పదకొండోవాడు నమ్ముతాడు. నిజానికి అక్కడున్నది ఒక్కరి ఊహే.

దీనికి మందు ఓపికే. ఆ పారిష్‌లోనూ ఇరుగుపొరుగు పారిష్‌లలోనూ ఆ పదేళ్లలో పుట్టిన ఆ పేరువాళ్లందరినీ కాగితం మీద రాసుకోవాలి. ఒక్కొక్కరికి తర్వాత ఏమైందో వెతికి ఒక్కొక్క పేరూ కొట్టేస్తూ రావాలి. సూచికతో ఆగకుండా అసలు పుట చూడాలి. తండ్రి సాగు చేసిన పొలం పేరు, ఆయన వృత్తి, బాప్తిస్మానికి వచ్చిన సాక్షుల పేర్లు అక్కడే ఉంటాయి. సాక్షులు చాలాసార్లు చుట్టాలే. పొలం పేరు దొరికితే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ ఉచితంగా చూపే పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) పటాల్లో అది ఎక్కడుందో చూడండి. ఒకే పేరున్న ఇద్దరి ఇళ్లు పారిష్‌లో చెరో కొసనా ఉన్నాయని తెలిస్తే సగం చిక్కు వీడుతుంది.

తండ్రి పేరు లేని పుట్టుకలను కూడా అక్కడితో వదిలేయకండి. చర్చి పెద్దల సభ, అంటే కిర్క్ సెషన్, ఆ తల్లిని పిలిచి విచారించి తండ్రి పేరు రాయించేది. ఆ పుస్తకాల పుటలు ఇప్పుడు స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఉచితం. పేర్ల సూచిక లేదు కాబట్టి పుట పుటా తిప్పాలి. 1855 తర్వాతవైతే నమోదు పక్కన మార్జిన్‌లో సవరణల రిజిస్టర్ ప్రస్తావన ఉందేమో చూడండి. షెరీఫ్ కోర్టు, అంటే అక్కడి స్థానిక కోర్టు, తండ్రిని నిర్ధారించి ఉంటే ఆ వివరం అందులో ఉంటుంది.

ఇంటిపేరును బట్టి చుట్టరికం కలపడం మరో పొరపాటు. మన ఊళ్ల స్థానిక చరిత్రలైన కైఫీయత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టారు. ఉత్తర స్కాట్లాండ్‌లో మెకంజీలు లెక్కలేనంతమంది. ఆ ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఎవరూ ఆయన వంశమైపోరు. డీఎన్‌ఏ పరీక్ష కూడా చుట్టరికం ఉందని చెబుతుందే గానీ అది ఏ తాత ద్వారా వచ్చిందో చెప్పదు. మూడు తరాల వెనక అన్నదమ్ముల సంతతిలో కొందరికి అసలు పోలికే కనబడదు. దాన్ని బట్టి బంధుత్వం లేదనకూడదు.

పంచుకోవద్దని నేననను. సమాధిరాళ్ల మీది రాతలను తీరిగ్గా ఎత్తి రాసి పెట్టిన స్థానిక కుటుంబ చరిత్ర సంఘాలు లేకపోతే, జనాభా లెక్కలను ఎత్తి రాసిన ఫ్రీసెన్ వాలంటీర్లు లేకపోతే ఈ పని సగం ఆగిపోయేది. పంచుకునేటప్పుడు ప్రతి పేరు పక్కనా పారిష్ పేరు, రిజిస్టర్ నంబరు, తేదీ, అసలు పుట చూశారా సూచికే చూశారా అన్నదీ రాయాలి. బతికున్నవారి వివరాలు పెట్టకూడదు. ఇద్దరిలో ఎవరో తేలకపోతే ఇద్దరి రిఫరెన్సులూ రాసి, పైతరానికి గీత గీయకుండా వదిలేయండి. ఆ సంఘాలకు ఉత్తరం రాసేటప్పుడు పేరు, సుమారు సంవత్సరం, పారిష్, వృత్తితో పాటు ఇప్పటికే ఏయే పుస్తకాలు చూశారో కూడా రాయండి. లేకపోతే మీరు చూసినవే వాళ్లూ మళ్లీ చూడాల్సి వస్తుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు