పాప అడిగిన మాట

రామచంద్రాపురం,
ఏప్రిల్ 4

చిరంజీవి సుధాకర్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాయన మోకాలి నొప్పి మునుపటి లాగే ఉంది, నూనె రాస్తానంటే వద్దంటారు. ఉగాది నాడు నీ ఫోను వస్తుందని పచ్చడి గిన్నె మీద పళ్ళెం మూసి రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. అక్కడ మీకు సెలవు కాదు కదా, పని ఉండి ఉంటుంది. ఈ ఉత్తరం దానికోసం కాదు. పాప అడిగిన మాటకు జవాబు బాకీ పడ్డాను.

ఐర్లండ్ వాళ్ళ పాట్రిక్ పండుగ నాడు బడిలో ఎవరో వాళ్ళను పాడీ అన్నారట. "అవ్వా, మనం పండించేది కూడా పాడీయే కదా, వాళ్ళూ వరీ ఒకటేనా?" అంది. కాదని చెప్పు. వాళ్ళ పాడీ పాట్రిక్ అనే పేరుకు ముద్దుపేరు, మన సుబ్రహ్మణ్యాన్ని సుబ్బు అన్నట్టు. ఐరిష్ వాళ్ళను తక్కువ చేయడానికి కూడా ఆ మాట వాడారు, అందుకని పాపను ఎవరినీ అలా పిలవనివ్వకు. వరికి చెప్పే పాడీ మలేషియా వైపు మాట్లాడే మలయా భాష నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. చేలో ఉన్నప్పుడు, పొట్టుతో ఉన్నప్పుడు ఆ భాష వాళ్ళకు అది పాది, పొట్టు తీస్తే బెరాస్, వండితే నాసి. మనకూ అంతే, వరి, వడ్లు, బియ్యం, అన్నం. ఇంగ్లీషులో మామూలుగా అన్నిటికీ రైస్ అనే అంటారు. వరికీ అన్నానికీ మధ్య ఎంత పని ఉందో ఆ మాట విన్న బిడ్డకు ఎలా తెలుస్తుంది? నాలుగు మాటలూ పాప చేత పలికించు. పూటకొకటి చాలు.

ఇక మన మాట మడి. నలువైపులా గనిమ వేసి నీళ్ళు నిలబెట్టిన నేల మడి. నారు పోస్తే నారుమడి, నెల్లూరు వైపు సముద్రపు నీళ్ళు ఎండగడితే ఉప్పుమడి. ఒకటైతే మడి, పదైతే మళ్ళు. మన వైపు కయ్య అని కూడా అంటాం. గనిమ జానెడు జరిగితే కయ్యలో కయ్యం మొలుస్తుందని మీ అబ్బ అనేవారు.

మడి అన్నాను కాబట్టి అడుగుతున్నాను. సుగుణక్క మొన్న తిరుచానూరు నుంచి వస్తూ ఇంట్లో కాలు పెట్టకముందే, "చెరువు కింద మడిని మీవాడు ప్లాట్లు వేసేవాళ్ళకు మాట ఇచ్చేశాడట కదా" అంది. నేను నమ్మలేదు. నమ్మలేదని ఆమె ముఖం మీదే చెప్పాను. మీ నాయన అక్కడే ఉన్నారు. ఏమీ అనలేదు.

నీకు ఆరేళ్ళప్పటి సంగతి గుర్తుందో లేదో. గుడి పక్కింటి అయ్యవారమ్మ తెల్లవారుజామున స్నానం చేసి, దండెం మీది చీరను కర్రతో దించి కట్టుకునేది. ఎవరైనా దగ్గరికి వస్తే "మడి కట్టుకున్నాను, రావద్దు" అనేది. నీకు ఎన్నాళ్ళకూ అంతు చిక్కలేదు. "మడిని ఎలా కట్టుకుంటుందమ్మా, నీళ్ళు కారిపోవా?" అని రాత్రి పడుకోబోతూ అడిగేవాడివి. ఆ సంవత్సరం వడ్లు నానబోసి, గోనెసంచిలో మండె కట్టి, ముక్కు పగిలిన గింజలు చల్లేటప్పుడు కూడా నువ్వు మీ నాయన వెంటే ఉన్నావు. నెల తిరిగి నారు పీకే రోజు మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో నారు కట్టతో పరుగెత్తుకుంటూ వచ్చావు. ఆమె వాకిట్లో ఇత్తడి బిందెతో నిలబడి ఉంది. పోయి కాళ్ళు చుట్టేశావు. ఆమె "మడి, మడి!" అని అరిచింది. నువ్వు తలెత్తి, "నేనూ మడిలోంచే వస్తున్నాను" అన్నావు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆమె కాసేపు నిన్ను చూసి, బిందె కింద పెట్టి, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు మళ్ళీ స్నానం చేసి మళ్ళీ వండింది, స్వామికి నైవేద్యం ఆలస్యమైంది. సాయంత్రం దొన్నెలో పులిహోర పంపి, "మడిలోంచి వచ్చినవాడికి" అని చెప్పమంది. పోయేదాకా నిన్ను ఆ పేరుతోనే అడిగేది.

కన్నడంలో ఈనాటికీ మడి అంటే ఉతికిన బట్ట, ఉతికేవారు మడివాళులు. తిరుపతిలో రాత్రి బస్సెక్కి నువ్వు తెల్లవారి బెంగళూరులో దిగే మడివాళ ఆ మాటే. బట్టకు మడి తెచ్చేది వాళ్ళ చేతులు. ఆ మాటను తీసుకుని వాళ్ళనే దూరంగా నిలబెట్టారు. తరగతిలో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది. పాపకు ఇప్పుడే వద్దు, పెద్దయ్యాక తప్పకుండా చెప్పు. లెక్కల మడి ఇంకొకటి ఉంది, ఇమ్మడి అంటే రెండింతలు, ముమ్మడి అంటే మూడింతలు. అది ఇప్పుడే చెప్పవచ్చు.

మడిని ఇంగ్లీషులో ఏమంటారని పాప అడిగితే నువ్వు ప్లాట్ అని కూడా చెప్పవచ్చు. పంట వేసేదీ, రాళ్ళు పాతి అమ్మేదీ అక్కడ ఒకటే మాట. మడిలో నీళ్ళు నిలవాలి నాయనా, ప్లాటులో నిలవకూడదు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట జారుతోందని ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు, "మడి పోతే పోనీ అమ్మా, మీరు బయటికి రండి" అని ఫోనులో ఏడ్చావు. మా ప్రాణాల కోసం అన్నావని అప్పుడు ఎంతో సంతోషించాను. సుగుణక్క వచ్చి వెళ్ళాక అదే మాట చెవిలో మరోలా మోగుతోంది.

సలహాలు రాయకూడదనుకునే కూర్చున్నాను. అయినా చెప్తున్నాను. అప్పు ఉంటే ఎంత ఉందో చెప్పు. అక్కడ ఇల్లు కొనాలనుకుంటే అదీ చెప్పు, తప్పేమీ కాదు. నా గాజులు ఉన్నాయి, బ్యాంకులో కొంత ఉంది. మీ అబ్బ కరువులో ఎద్దులను అమ్మారు గానీ మడిని అమ్మలేదు, అదీ అవ్వను అడిగాకే. ఇంట్లో అడగకుండా బయట మాట ఇచ్చే అలవాటు మన ఇంట్లో ఎవరికీ లేదు. పాస్‌పుస్తకంలో నీ పేరు ఎక్కించిన రోజు మీ నాయన రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు. నువ్వు చూడలేదు, నేను చూశాను.

చలికి చెవులు కప్పుకో, చిన్నప్పుడు చెవిపోటుతో ఎంత ఏడ్చావో నాకు తెలుసు. ఊరిబిండికి వేరుశనగలు సన్నని మంట మీద వేయించాలని కోడలికి చెప్పు, మాడితే చేదు వస్తుంది. పాపకు రాత్రి పెరుగు వద్దు.

బుధవారం కోత. యంత్రం ఏడింటికి వస్తుంది. పాప కోసం నాలుగు వెన్నులు కోసి కవరులో పెట్టాను, గింజలు అంత దూరం పంపనివ్వరన్నారు. వసారాలో మేకుకు కట్టాను. పిచ్చుకలు అప్పుడే రెండు గింజలు ఒలిచాయి. మంగళవారం రాత్రి ఎంతసేపటికైనా మేలుకునే ఉంటాం. ఫోను ముందు మీ నాయనకు ఇస్తాను. ఆయన ఏమీ అడగరు, నువ్వే చెప్పు.

అమ్మ