జైల్లో కౌన్సెలర్ పోస్టు ఎప్పుడు నింపుతారు మంత్రిగారూ?

గౌరవనీయులైన జైళ్ల శాఖ మంత్రిగారికి నమస్కారం.

కౌన్సెలర్ పోస్టు కోసం మేమిచ్చిన వినతిపత్రాలన్నీ 'పరిశీలనలో' ఉన్నాయట. అంతగా పరిశీలించాల్సింది అందులో ఏముందో తెలియక, అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను.

నేను జైల్లో ఖైదీలకు చదువు చెబుతాను. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో శిక్షపడ్డ ఒకతను ఇంటినుంచి ఉత్తరం వస్తే నాచేతే చదివించుకుంటాడు. కూతురికి జ్వరమని చదివితే తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. "ఆ పిల్లదీ నీ కూతురి వయసే కదయ్యా" అన్నాను. కళ్లు తుడుచుకుని, "ఆ కేసు వేరు మేడమ్. గట్టు తగాదాతో పెట్టించారు. అయినా ఆ పిల్ల అరవలేదు కదా" అన్నాడు. చేయలేదంటాడు, చేసినా తప్పు లేదంటాడు, రెండూ ఒకే ఊపిరిలో!

జాలి తెలియనివాడు కాదండీ. ఆ ఒక్క పిల్ల విషయంలోనే అది పనిచేయదు. నవ్వితే ఒప్పుకున్నట్టే, చిన్నపిల్లలు మర్చిపోతారు, మగాడన్నాక ఆగలేడు... బ్యారక్‌లో ఒకరికొకరు ఇవే చెప్పుకుంటారు. కాదనే మనిషి లేడు. వడ్రంగం నేర్పారు, బంకులో పెట్రోలు కొట్టడం నేర్పారు, సంతోషం. ఏ నేరానికి లోపలికొచ్చాడో దాని గురించి మాత్రం తీర్పు తర్వాత ఎవరూ అడగలేదు.

500 మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టో కౌన్సెలరో ఉండాలని కేంద్రం ఇచ్చిన 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెబుతోంది. మా దగ్గర ఆ కుర్చీలో రిజిస్టర్లు పేర్చారు. వాటికైనా ఉపయోగపడుతోంది లెండి.

నీతిబోధలు చేయిస్తున్నాం కదా అంటారేమో. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో లైంగిక నేరస్తుల కోసం ఏళ్లపాటు నడిపిన చికిత్సా కార్యక్రమమే పనిచేయలేదని 2017లో తేలింది. అందులో చేరినవాళ్లలో 10 శాతం, చేరనివాళ్లలో 8 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. దాన్ని ఆపి వేరేవి పెట్టుకున్నారు. లెక్క చూశారు కాబట్టి తెలిసింది. మనకు లెక్క చూడ్డానికి ముందు పని మొదలవ్వాలిగా!

శిక్షలు పెంచారు, సరే. అందరికీ ఉరి పడదు, అందరూ లోపలే చావరు. అత్యాచార కేసుల్లో నిందితులు నూటికి తొంభైమందికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా చెబుతూనే ఉంది. అంటే ఇతను విడుదలై పోయేది కూడా ఆ పిల్ల ఉన్న ఊరికే. 'అరవలేదు కదా' అనే మాటతో సహా.

పోస్టు నింపండి సార్. కాంట్రాక్టు అయినా సరే, ఇలాంటి కేసులు చూడ్డం నేర్చుకున్న మనిషిని వేయండి. తలుపున్న ఒక గది ఇప్పించండి. పక్కన వార్డర్ నిలబడితే ఎవడు నోరు విప్పుతాడు? బడ్జెట్ లేదని మాత్రం అనొద్దు. ప్రహరీ మీద 'పరివర్తన' బొమ్మలకు మొన్ననే రెండోసారి రంగులేయించారు.

ఇట్లు,
జైల్లో చదువు చెప్పే ఒక వాలంటీర్