తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ: డాక్టరు చీటీ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం హెల్త్ క్యాంప్ తర్వాత, షుగర్ టెస్ట్ చేయించమని డాక్టరు కొందరు పిల్లలకి ఇచ్చిన చీటీ గురించి వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే నడుస్తోంది. "మావాడు పుల్లలా ఉంటాడు, వాడికి షుగర్ టెస్టేంటి?" అని కొందరు, "ఆడపిల్లకి ఇలాంటి చీటీ ఇస్తారా?" అని మరికొందరు.

చీటీ ఇస్తే జబ్బు ఉన్నట్టు కాదండీ. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేయడం లేదేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. అది మురికి కాదు. దయచేసి పీచు పెట్టి రుద్ది పిల్లల్ని ఏడిపించకండి. పరగడుపున రక్తపరీక్ష చేయించి డాక్టరుకి చూపించండి. 100 నుంచి 125 మధ్య వస్తే ఇంకా షుగర్ రాలేదు, అంచున ఉన్నారని అర్థం. ఇప్పుడు మేలుకుంటే చాలామందిని వెనక్కి తేవచ్చు. ఇక సన్నగా ఉండటం అంటారా, మన దక్షిణాసియా వాళ్లకి కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ. పైకి కనబడదు. గుండెపోటుపై చాలా దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మనవాళ్లకి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల్లో 59కి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023 లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది.

ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు చెప్పించమని పదో తరగతి తల్లిదండ్రులు కొందరు అర్జీ ఇచ్చారు. నేను ఒప్పుకోను. పిల్లలు రోజుకో గంటైనా ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, మనం ఇస్తున్నది వారానికి రెండు పీరియడ్లు. కండ కదిలినప్పుడే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, ఇన్సులిన్ మీద భారం తగ్గుతుంది. ఆ పని ఏ ట్యూషనూ చేయలేదు. ఆ రెండు పీరియడ్లూ ఎవరు అడిగినా వదలను!

తొమ్మిదో తరగతి అమ్మాయిలు చేసిన షుగర్ బోర్డు మెట్ల దగ్గర ఉంది, తప్పక చూడండి. 300 మిల్లీలీటర్ల కోలాలో ఉండే చక్కెర, 30 గ్రాములకు పైనే, తూచి సీసాలో పోసి పెట్టారు. వాళ్లలో ఒకమ్మాయి "మా నాన్నకి షుగర్ ఉంది, నాకూ తమ్ముడికీ ఎప్పటి నుంచి టెస్ట్ చేయించాలి?" అని డాక్టరుని అడిగింది. ఎంత గర్వంగా అనిపించిందో!

మీకు తీరిక లేదని తెలుసు. అయినా లంచ్‌బాక్సులో అన్నం బదులు చిప్స్ ప్యాకెట్ ఎలా వస్తోంది? పక్క వీధి పిల్లల్ని కూడా బండి మీద గేటు దాకా దింపాలా?

హాఫ్ ఇయర్లీ పరీక్షలు సోమవారం నుంచి. బస్సు ఫీజు, ఐడీ కార్డు ఫొటోలు ఈ వారంలోనే.

డాక్టరుగారు శనివారం పదింటికి మళ్లీ వస్తారు. చీటీ అందినవాళ్లు రిపోర్టుతో రండి. ఇంట్లో షుగర్, బీపీ, గుండెజబ్బు ఎవరెవరికి ఉన్నాయో కాగితం మీద రాసుకుని రండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు