స్టోమా రోగుల కోసం నర్సులకు శిక్షణ ఇప్పించండి: సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి నమస్కారం.

మా వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో నలుగురి ముందు రాస్తున్నాను.

మీ ఆసుపత్రిలో మా అమ్మకు పేగు ఆపరేషన్ చేసి, పొట్టపై ఇలియోస్టమీ పెట్టారు. అంటే చిన్నపేగును పొట్ట మీద రంధ్రం నుంచి బయటకు తెచ్చి, మలం అక్కడ అతికించిన సంచిలో పడేలా చేశారు. అలా బయటికి తెచ్చిన పేగు నోటినే స్టోమా అంటారు. సర్జన్లు ప్రాణం నిలిపారు. ఆ మేలు మరువం. కానీ వార్డులో సంచి మార్చడం తెలిసిన నర్సు లేరు. సంచికి స్టోమా కన్నా బాగా పెద్ద రంధ్రం కత్తిరించి అతికించారు. ఇలియోస్టమీ నుంచి వచ్చే పల్చటి మలంలో జీర్ణరసాలుంటాయి. అవి తగిలి చుట్టూ చర్మం పుండైంది. వాసన వస్తుందేమోనని అమ్మ అన్నం మానేసింది, చుట్టాలను దగ్గరకు రానివ్వలేదు. నర్సులను నిందించడం లేదు. వాళ్లకు నేర్పినవారే లేరు.

సంచికి కత్తిరించే రంధ్రం స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. సంచి సగం నిండకముందే ఖాళీ చేయాలి. స్టోమా నల్లబడితే వెంటనే సర్జన్‌కు చెప్పాలి. ఇవన్నీ దగ్గరుండి చేసి చూపిస్తే వచ్చే పనులు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1961లోనే ఈ శిక్షణ మొదలైంది.

సర్జికల్ వార్డుల నర్సులందరికీ శిక్షణ ఇప్పించండి. ప్రతి షిఫ్టులో తెలిసినవారు ఒకరైనా ఉండాలి. డిశ్చార్జికి ముందే రోగికి, ఇంట్లోవారికి సంచి మార్చడం నేర్పాలి. జిల్లాల నుంచి వచ్చినవారు ప్రతి సందేహానికీ మళ్లీ హైదరాబాద్ బస్సెక్కలేరు. శిక్షణ ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె, హైదరాబాద్