మధ్యవర్తితో తొలి సమావేశంలో ఏం అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

విడిపోదలచిన దంపతులు కోర్టుకు వెళ్లేముందు మధ్యవర్తిని కలవడం మంచిదని సలహా ఇచ్చేవారు చాలామందే ఉన్నారు గానీ, ఆ తొలి సమావేశాన్ని ఎలా వినియోగించుకోవాలో చెప్పేవారు అరుదు. అందువల్ల ఎందరో ఆ కొద్ది సమయాన్నీ ఎదుటివారి తప్పులను ఏకరువు పెట్టడంలోనే గడిపేసి, తమకు కావలసిన సమాచారమేదీ తెలుసుకోకుండా బయటకు వస్తున్నారు. బాధ చెప్పుకోవడం సహజమే. అయితే మధ్యవర్తి తీర్పరి కాదు. తప్పెవరిదో తేల్చడం ఆ వృత్తి పరిధిలోకి రాదు కనుక, వారిని మన వైపు తిప్పుకోవాలని చేసే ప్రయత్నమంతా వృథాయే.

దానికి బదులు పిల్లల పెంపకం, ఇల్లు, అప్పులు, నెలవారీ ఖర్చులలో వెంటనే తేలవలసినవేవో, కొంతకాలం ఆగగలిగినవేవో ఒక కాగితం మీద రాసుకుని వెళితే, అసలు తమ వివాదం మధ్యవర్తిత్వానికి తగినదో కాదో అక్కడే చాలావరకు తెలుస్తుంది. ఆదాయానికీ ఆస్తులకూ సంబంధించిన పత్రాలన్నీ ఆ రోజే మోసుకెళ్లనవసరం లేదు. ఉజ్జాయింపు లెక్క చాలు.

అన్నింటికన్నా ముందుగా అడగవలసింది గోప్యత గురించి. ఇద్దరితో విడివిడిగా మాట్లాడినప్పుడు ఒకరు చెప్పినది మరొకరికి చేరుతుందా, చేరదా అన్న విషయంలో మధ్యవర్తులందరి పద్ధతీ ఒకటి కాదు. చర్చల్లో అన్న మాటలు తరువాత కోర్టులో ప్రస్తావనకు రాకుండా సాధారణంగా రక్షణ ఉంటుంది గానీ, పిల్లలకు ప్రమాదముందని తెలిసినప్పుడు ఆ రక్షణకు మినహాయింపు ఉండవచ్చు. అలాగే బ్యాంకు ఖాతా వివరాల వంటి పత్రాలు చర్చలో చూపినంత మాత్రాన రహస్యమైపోవు. ఈ హద్దులు ఎక్కడివరకో స్పష్టంగా తెలుసుకున్నాకే మనసు విప్పడం క్షేమం.

కొట్టడం, బెదిరించడం, డబ్బు చేతికివ్వకుండా అదుపులో పెట్టుకోవడం వంటివి జరిగిన ఇంట్లో పరిస్థితి వేరు. అటువంటివారు తొలి సమావేశం ఒంటరిగానే కావాలని కోరాలి, భయాన్ని దాచకుండా చెప్పాలి. ఎదురెదురుగా కూర్చోనవసరం లేకుండా వేర్వేరు గదుల్లో మాట్లాడించే ఏర్పాటు ఉందేమో అడగవచ్చు. అదీ సురక్షితం కాదనిపిస్తే మధ్యవర్తిత్వం వద్దని నిర్ణయించుకోవడంలో తప్పేమీ లేదు. ఇంట్లో ఇలాంటి భయమేమైనా ఉందా అని తానుగా అడగని మధ్యవర్తి మీద నాకైతే నమ్మకం కలగదు.

శిక్షణ, అనుభవం, ఫీజు గురించి అడగడానికి మొహమాటపడేవారు ఎక్కువ. కూర్చున్న ప్రతిసారీ ఎంత, దాన్ని ఎవరెంత భరించాలి, ఒప్పందపత్రం రాయడానికి వేరే రుసుము ఉందా అన్నవి ముందే తేల్చుకోవాలి.

మధ్యవర్తి చట్టం స్థూలంగా ఏమంటుందో చెప్పగలరే తప్ప, మీకు ఏది లాభమో సలహా ఇవ్వలేరు. ఆ సలహా కోసం ఎవరి న్యాయవాదిని వారు వేరుగా సంప్రదించవలసిందే. కుదిరిన ఒప్పందానికి చట్టబద్ధత రావాలంటే కోర్టు ఆమోదం అవసరమా అన్న సంగతిని కూడా ఆనాడే అడిగి రాసుకోవాలి. తదుపరి సమావేశానికి ఒప్పుకునేముందు ఇంటికి వెళ్లి ఆలోచించుకునేందుకు గడువు కోరడం ఎవరికైనా ఉన్న హక్కే.

ఇట్లు,
ఒక పాఠకురాలు